లోడు ఎక్కించే ముందు ట్రాన్స్‌పోర్ట్ వాళ్ల రికార్డు ఎక్కడ చూడాలి, ఎలా చూడాలి

మిగతావాళ్లకూ పనికొస్తుందని మీ ప్రశ్నను ముందు క్లుప్తంగా చెప్తాను. గుంటూరు నుంచి ఢిల్లీ ఖారీ బావలీ మసాలా మార్కెట్‌కు ఎండుమిర్చి, పది టైర్ల లారీ లోడు. ఇన్నాళ్లూ కొనే పార్టీయే బండి పంపేది. ఇప్పుడు మొదటిసారి రవాణా మీ నెత్తిన పడింది. వాట్సాప్ గ్రూపులో దొరికిన ఒక ట్రాన్స్‌పోర్ట్ వాళ్లు బజారు కిరాయి కంటే పదిహేను వేలు తక్కువకే వస్తామన్నారు. లెటర్‌హెడ్, జీఎస్టీ నంబరు, నాలుగు బండ్ల ఆర్.సి. ఫోటోలు పంపారు. వీళ్ల రిజిస్ట్రేషన్, యాక్సిడెంట్ల చరిత్ర ఎక్కడ చూడాలి, రెండు వేలిస్తే ‘ఫుల్ రిపోర్టు’ తెచ్చిస్తానంటున్న ఏజెంటును పెట్టుకోవచ్చా అని అడిగారు. గుంటూరు మిర్చి లోడ్లతో, విజయవాడ ఆటోనగర్ బుకింగ్ ఆఫీసులతోనే నా ఉద్యోగం గడిచింది కాబట్టి కాస్త వివరంగానే రాస్తాను.

కంపెనీ పేరు కొట్టగానే దానికి బండ్లెన్ని, యాక్సిడెంట్లెన్ని, ఎన్నిసార్లు పట్టుబడింది అన్నీ చూపించే సైటు మన దేశంలో లేదు. అమెరికాలో ఉంది. అక్కడ ఫెడరల్ మోటార్ క్యారియర్ సేఫ్టీ అడ్మినిస్ట్రేషన్ వాళ్ల ‘సేఫర్’ సైట్లో కంపెనీకి అక్కడి రవాణా శాఖ ఇచ్చిన ‘డాట్’ నంబరు కొడితే, గత 24 నెలల్లో ఎన్ని తనిఖీలు జరిగాయో, వాటిలో ఎన్ని బండ్లను అక్కడికక్కడే నిలిపేశారో, ఎన్ని ప్రమాదాల్లో మనుషులు చనిపోయారో పైసా ఖర్చు లేకుండా కనిపిస్తుంది. న్యూజెర్సీ నుంచి టెక్సాస్‌కు ఇల్లు మారే మనవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే, సామాను ఎక్కించే ముందు ఆ పేజీ ఒక్కటి చూడండి. మన దగ్గర ఐరాడ్ అని ప్రమాదాల డేటాబేస్ ఉంది. ఐఐటీ మద్రాస్, ఎన్ఐసీ కలిసి తయారుచేశాయి. కానీ అది పోలీసులు, రవాణా శాఖ వాడుకునేది, మనలాంటి వాళ్లు తెరిచి చూసేది కాదు.

మన దేశంలో రికార్డు కంపెనీ పేరు మీద కాదు, బండి నంబరు మీద ఉంటుంది. పైగా ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసు బోర్డు మీద ఉన్న పేరుకీ, మీ గోడౌన్ ముందుకొచ్చి ఆగే లారీకీ చాలాసార్లు ఏ సంబంధమూ ఉండదు. ఆఫీసువాడు బుకింగ్ తీసుకుంటాడు, బ్రోకరుకు ఫోన్ చేస్తాడు, బ్రోకరు పార్కింగ్‌లో ఖాళీగా ఉన్న మార్కెట్ బండిని పంపుతాడు. ఆ బండి ఓనరు ఏ నెల్లూరులోనో నామక్కల్‌లోనో ఉంటాడు. ఇందులో తప్పేమీ లేదు, దేశంలో సరుకు రవాణా అధికభాగం ఇలాగే నడుస్తుంది. కాకపోతే మీరు చూడాల్సింది మూడు పేర్లని గుర్తుంచుకోండి. ఎల్.ఆర్. (లారీ రసీదు) ఇచ్చేవాడి పేరు, ఆర్.సి. మీద ఉన్న పేరు, మీ అడ్వాన్సు వెళ్లే బ్యాంకు ఖాతా పేరు. ఆ మూడింటికీ మధ్య లింకు ఏమిటో చెప్పగలిగితే వ్యాపారం చేయొచ్చు. ‘మావాడే సార్, మా బావమరిది ఖాతా సార్’ అంటే అక్కడే ఆపేయండి.

ముందు బుకింగ్ తీసుకునేవాడి సంగతి. క్యారేజ్ బై రోడ్ చట్టం, 2007 అని ఒకటుంది. 1865 నాటి పాత క్యారియర్స్ చట్టం స్థానంలో వచ్చింది, 2011 మార్చి 1 నుంచి అమల్లో ఉంది. దీని ప్రకారం రసీదు ఇచ్చి పదిమంది సరుకు తీసుకెళ్లే ప్రతివాడూ ‘కామన్ క్యారియర్’గా రవాణా శాఖ దగ్గర రిజిస్టర్ అవ్వాలి. సొంత లారీలు లేని బుకింగ్ ఏజెంటు, బ్రోకరు కూడా ఈ నిర్వచనంలోకి వస్తారు. సర్టిఫికెట్ పదేళ్లు చెల్లుతుంది. చిన్న ఆఫీసుల్లో చాలామందికి ఇది లేదన్నది బహిరంగ రహస్యమే. అయినా అడగండి. ఉన్నవాడు ఐదు నిమిషాల్లో ఫోటో పంపుతాడు. లేనివాడు ‘లేదండీ, అప్లై చేయాలి’ అంటే కనీసం నిజం చెప్పాడు. ‘అలాంటిదేమీ ఉండదు సార్, మేం పెద్ద పెద్ద కంపెనీలకే లోడ్లు చేస్తాం’ అన్నవాడి విషయంలోనే జాగ్రత్త పడాలి.

తర్వాత జీఎస్టీ నంబరు. జీఎస్టీ పోర్టల్లో లాగిన్ లేకుండానే నంబరు కొట్టి చూడొచ్చు. చట్టపరమైన పేరు, వ్యాపార పేరు, రిజిస్టర్ అయిన తేదీ, యాక్టివ్‌గా ఉందా రద్దయిందా, రిటర్నులు వేస్తున్నాడా లేదా అన్నీ వస్తాయి. దీనికంటే ముందు ఆ నంబరునే ఒకసారి చూడండి, సగం కథ అదే చెప్తుంది. మొదటి రెండంకెలు రాష్ట్రం: ఆంధ్రప్రదేశ్‌కు 37, తెలంగాణకు 36. ఆ తర్వాత పది అక్షరాలు అతని పాన్. మొత్తం నంబరులో ఆరో అక్షరం చూడండి. అది ‘పి’ అయితే ఒక్క మనిషి సొంత వ్యాపారం, ‘ఎఫ్’ అయితే భాగస్వామ్య సంస్థ, ‘సి’ అయితే కంపెనీ. లెటర్‌హెడ్ మీద ‘ప్రైవేట్ లిమిటెడ్’ అని అచ్చేసి, ఆరో అక్షరం ‘పి’ ఉందంటే ఆ లెటర్‌హెడ్ డీటీపీ షాపులో పుట్టిందన్నమాట. నిజంగానే కంపెనీ అయితే కేంద్ర కార్పొరేట్ వ్యవహారాల శాఖ సైట్లో పేరు కొట్టి ఎప్పుడు పెట్టారో, ఇప్పటికీ నడుస్తోందో, రిజిస్టరు నుంచి తీసేశారో చూడొచ్చు.

జీఎస్టీ నంబరు లేనంత మాత్రాన దొంగ అనుకోవద్దు. పన్ను కట్టే బాధ్యత కిరాయి కట్టేవాళ్ల మీదే పడే పద్ధతిలో పనిచేసే చిన్న ట్రాన్స్‌పోర్టర్లకు రిజిస్ట్రేషన్ అవసరం ఉండదు. అలాంటివాళ్లు ఈ-వే బిల్లు (సరుకు రవాణాకు ఆన్‌లైన్లో తీసే జీఎస్టీ పత్రం) పోర్టల్లో ట్రాన్స్‌పోర్టర్ ఐడీ తీసుకుంటారు, దాన్ని కూడా అదే పోర్టల్లో వెతికి చూడొచ్చు. ఇంకో చిన్న పరీక్ష ఉంది, అకౌంటెంట్లకు బాగా తెలుసు. ట్రాన్స్‌పోర్టరు తనకు పది బండ్లకు మించి లేవని డిక్లరేషన్, పాన్ ఇస్తే మీరు కిరాయిలో టీడీఎస్ (ముందే పట్టుకునే ఆదాయపు పన్ను) కోయనక్కర్లేదు. విజిటింగ్ కార్డు మీద ‘80 సొంత లారీలు’ అని వేసుకున్న పెద్దమనిషి టీడీఎస్ అనగానే పది లోపే అని సంతకం పెట్టి ఇస్తాడు. రెండింటిలో ఏది అబద్ధమో మీరే తేల్చుకోండి.

ఇప్పుడు బండి. మీకు పంపిన నాలుగు ఆర్.సి. ఫోటోల వల్ల ఉపయోగం లేదు. మీ లోడుకు వచ్చే బండి ఏదో ఒక్కటి చెప్పమనండి. ఫోటో కాకుండా డిజీలాకర్‌లోనో ఎంపరివాహన్ యాప్‌లోనో ఓనరు తెరిచి చూపించే ఆర్.సి. అడగండి. ఫోటోలో అంకెలు మార్చడం ఈ రోజుల్లో ఫోన్లోనే అయిపోతుంది. ఆ తర్వాత మీరే కేంద్ర రవాణా శాఖ వాళ్ల పరివాహన్ సైట్లో ‘వాహన్’లోకి మొబైల్ నంబరుతో లాగిన్ అయ్యి బండి నంబరు కొట్టండి. ఓనరు పేరు కొన్ని అక్షరాలు చుక్కలతో దాచి చూపిస్తుంది, పోల్చుకోవడానికి అది చాలు. తెలంగాణ బండి అయితే కేంద్ర పోర్టల్లో సరిగ్గా దొరక్కపోతే కంగారు పడకండి. ఆ రాష్ట్రం చాలా ఏళ్లు వాహన్‌కు బయటే ఉంది, రాష్ట్ర రవాణా శాఖ సైట్లో చూడండి.

అక్కడ కనిపించే తేదీల్లో అన్నిటికంటే ముందు ఎఫ్.సి. (ఫిట్‌నెస్ సర్టిఫికెట్) చూడండి. మోటారు వాహనాల చట్టం ప్రకారం ఫిట్‌నెస్ లేని రవాణా వాహనానికి రిజిస్ట్రేషన్ ఉన్నా లేనట్టే లెక్క. బండికి ఎనిమిదేళ్లు నిండేదాకా ఎఫ్.సి. రెండేళ్లకోసారి, ఆ తర్వాత ఏటా చేయించుకోవాలి. ఎనిమిదేళ్లు దాటిన బండికి ఇంకా ఏడాదిన్నర ఎఫ్.సి. ఉందని ఎవరైనా కాగితం చూపిస్తే సైట్లో సరిచూడకుండా నమ్మొద్దు. ఎఫ్.సి. మీ లోడు ఢిల్లీ చేరకముందే అయిపోయేలా ఉన్నా ఆ బండి వద్దు. దారిలో పట్టుకుంటే ఆగిపోయేది మీ సరుకే. ఇన్సూరెన్స్, పర్మిట్, పొల్యూషన్, టాక్స్ కూడా అదే పద్ధతిలో చూడండి. నేషనల్ పర్మిట్ విషయంలో ఒక తిరకాసు ఉంది. పర్మిట్ ఐదేళ్లది, కానీ ఇతర రాష్ట్రాల్లో తిరగడానికి ఆథరైజేషన్ ఏటా తీసుకోవాలి. ఐదేళ్ల పర్మిట్ కాగితం చూపించి ఆథరైజేషన్ ఊసెత్తని డ్రైవర్లు చాలామంది ఉంటారు, అది విడిగా అడగండి.

నంబరు చూసి ఊరు చెప్పే రోజులు పోయాయి. ఒకప్పుడు ఏపీ 16 అంటే కృష్ణా జిల్లా బండి, ఏపీ 7 అంటే గుంటూరు బండి. 2019 నుంచి రాష్ట్రమంతా ఏపీ 39 వచ్చాక పాత బ్రోకర్లకే దిక్కు తెలియడం లేదు. తెలంగాణలో కొత్త బండ్లకు 2024 మార్చి నుంచి టీఎస్ పోయి టీజీ వచ్చింది. నాగాలాండ్ రిజిస్ట్రేషన్ ఉన్న ఎన్ఎల్ 01 కంటెయినర్లు దేశమంతా తిరుగుతాయి, ఆ నంబరు చూసి భయపడాల్సిన పని లేదు. ఓనరు అక్కడివాడు కాకపోవచ్చు, అంతే. గొడవ వస్తే అతన్ని ఎక్కడ పట్టుకోవాలో మాత్రం ముందే తెలుసుకోండి.

ఆన్‌లైన్లో అన్నీ సరిపోయాయి కదా అని సంతోషపడొద్దు. సైట్లో మీరు చూసింది ఆ నంబరు గురించి. మీ గోడౌన్ ముందు నిలబడ్డ బండి ఆ నంబరుదేనా? సరుకుతో మాయమయ్యే లారీల్లో ఎక్కువగా జరిగే మోసం ఇదే. మంచి కాగితాలున్న వేరే బండి నంబరు ప్లేటు దీనికి తగిలిస్తారు. అందుకే ఛాసిస్ నంబరు చూడాలి. ముందు చక్రం దగ్గర ఛాసిస్ బారు మీద 17 అక్షరాలు గుద్ది ఉంటాయి. టాటా అయితే ‘ఎంఏటీ’తో, అశోక్ లేలాండ్ అయితే ‘ఎంబీ1’తో మొదలవుతుంది. గ్రీజు, దుమ్ము పట్టేసి కనపడదు. డ్రైవరునే డీజిల్‌లో తడిపిన గుడ్డతో తుడవమనండి. తుడిచాక దాని మీద తెల్లకాగితం పెట్టి పెన్సిల్ అడ్డంగా పట్టుకుని రుద్దితే అంకెలు అచ్చు గుద్దినట్టు కాగితం మీదకు వస్తాయి. ఆర్.సి. మీది నంబరుతో అక్షరం అక్షరం పోల్చండి. కొన్ని అక్షరాల దగ్గర ఇనుము మరీ నున్నగా గ్రైండింగ్ పట్టినట్టు ఉంటే, అంకెలు ఒక వరుసలో లేకుండా ఎగుడుదిగుడుగా ఉంటే లోడింగ్ ఆపండి. నిజమైన డ్రైవరుకు ఇది కొత్తేమీ కాదు, బ్రేక్ ఇన్‌స్పెక్టరు దగ్గర ప్రతిసారీ జరిగేదే. చిరాకు పడితే పడతాడు, పారిపోడు.

ఛాసిస్ నంబరు చివరి ఐదంకెలు ఇంకోచోట కూడా పనికొస్తాయి. పరివాహన్ ఈ-చలాన్ సైట్లో బండి నంబరుతో పాటు ఛాసిస్ నంబరు చివరి ఐదు అక్షరాలు కొడితే ఆ బండి మీద ఉన్న చలానాలు వస్తాయి. తెలంగాణలో పోలీసు చలానాలకు వేరే సైటు ఉంది, అదీ చూడండి. మన దగ్గర ‘సేఫ్టీ రికార్డు’ అనగలిగేది ఏదైనా ఉందంటే దీనితోనే మొదలవుతుంది. కానీ చదివే పద్ధతి తెలియాలి. దేశం మీద తిరిగే లారీకి చలానా లేకుండా ఉండదు. నో ఎంట్రీలోకి వెళ్లాడని, పార్కింగ్ తప్పని నాలుగు చలానాలుంటే నేను పట్టించుకోను. అతివేగం మళ్లీ మళ్లీ, సిగ్నల్ జంపింగ్, ఓవర్‌లోడు, లైట్లు లేకపోవడం ఇవి వరుసగా ఉంటే అది డ్రైవరు అలవాటు, ఓనరు ఉదాసీనత. ఏ చలానా మీద ఏ తేదీ ఉందో కూడా చూడండి. పదమూడో తారీఖున ‘బండి వైజాగ్‌లో రిపేరులో ఉంది’ అని మీకు చెప్పినవాడికి అదే రోజు సోలాపూర్‌లో చలానా పడి ఉండొచ్చు.

యాక్సిడెంట్ల చరిత్ర కావాలంటే నేను వెళ్లేది రవాణా శాఖ సైటుకు కాదు, కోర్టు సైటుకు. ఈ-కోర్ట్స్ సేవల్లో జిల్లా కోర్టుల కేసులు పార్టీ పేరుతో వెతకొచ్చు. లారీ గుద్ది ఎవరైనా చనిపోయినా గాయపడినా నష్టపరిహారం కోసం వేసే కేసును మన రెండు రాష్ట్రాల్లో ఎం.వి.ఓ.పి. అంటారు. అందులో లారీ ఓనరు, ఇన్సూరెన్స్ కంపెనీ ఇద్దరూ ప్రతివాదులు. ఓనరు సొంత జిల్లా కోర్టు, పక్క జిల్లాల కోర్టులు ఎంచుకుని, ఏడాది వేసి, ఆర్.సి. మీద ఉన్న పేరుతో వెతకండి. కాస్త ఓపిక కావాలి, స్పెల్లింగులు నాలుగు రకాలుగా ఉంటాయి. ఆ పేరున్న మనిషి అతనేనా అన్నది కూడా చూసుకోవాలి, మన ఇంటిపేర్లు ఒక్కొక్కటి ఊళ్లో పాతికమందికి ఉంటాయి కదా.

కేసు ఉందని తెలియగానే ఆ ఓనర్ని వదిలేయక్కర్లేదు. ఇరవై బండ్లు తిప్పేవాడికి ఏదో ఒక కేసు ఉంటుంది. తప్పు ఎదుటి మోటార్ సైకిల్ వాడిది కూడా కావచ్చు. తీర్పు కాపీ దొరికితే దాన్ని తెరిచి ఒకే విషయం కోసం చూడండి. డ్రైవరుకు లైసెన్సు ఉందా, బండికి పర్మిట్, ఫిట్‌నెస్ ఉన్నాయా, ఇన్సూరెన్స్ అమల్లో ఉందా అని అందులో చర్చ ఉంటుంది. ‘ముందు ఇన్సూరెన్స్ కంపెనీ బాధితులకు చెల్లించి, తర్వాత ఓనరు దగ్గర వసూలు చేసుకోవాలి’ అని ఆర్డరు వచ్చిందంటే, ప్రమాదం జరిగిన రోజు ఆ బండి కాగితాల్లో ఏదో లోటు ఉందని అర్థం. అలాంటి ఆర్డరు ఒకే ఓనరు మీద రెండు కనిపిస్తే నేను ఆ బండికి నా లోడు ఎక్కించను, కిరాయి ఎంత తక్కువైనా సరే. అదే సైట్లో చెక్ బౌన్స్ కేసులు, వినియోగదారుల కమిషన్ల సైట్లో సరుకు నష్టం ఫిర్యాదులు కూడా తగులుతాయి. బుకింగ్ ఆఫీసువాడి పేరుతో వెతకాల్సింది అక్కడ.

డ్రైవరు లైసెన్సు కూడా పరివాహన్‌లోనే లైసెన్సు నంబరు, పుట్టినతేదీతో చూడొచ్చు. పది టైర్ల బండికి హెవీ ట్రాన్స్‌పోర్ట్ లైసెన్సు ఉండాలి. మీ ఊళ్లో చిన్న సరుకులకు వాడే బొలెరో పికప్పులు, టాటా ఏస్‌ల సంగతి వేరు. 7,500 కిలోల లోపు బండ్లను మామూలు ఎల్.ఎం.వి. (తేలికపాటి వాహనాల) లైసెన్సుతో నడపొచ్చని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2024 నవంబరులో తేల్చి చెప్పింది.

కంటితో చూసేవి ఎక్కువ చెప్పను, మీకూ తెలిసినవే. వెనక టైర్లు అరిగి నున్నగా ఉన్నాయా, వెనక లైట్లు, ఎర్ర రిఫ్లెక్టర్ స్టిక్కర్లు ఉన్నాయా, పైన కప్పే పట్టాకు చిల్లులున్నాయా. మిర్చికి పట్టా విషయంలో మొహమాట పడితే ఆదిలాబాద్ దాటేలోపు వాన పడితే చాలు, టిక్కీలన్నీ, అంటే మిర్చి బస్తాలన్నీ, నల్లబడతాయి. లోపలి చెక్కల మీద ఎరువుల వాసనో, కెమికల్ మరకలో ఉంటే ఆ బండి మిర్చికి పనికిరాదు, కాగితాలు ఎంత శుభ్రంగా ఉన్నా సరే.

ఓవర్‌లోడు గురించి ఒక మాట. పది టైర్ల బండికి మొత్తం బరువు పరిమితిని 2018లో 25 టన్నుల నుంచి 28.5 టన్నులకు పెంచారు. మీ బండికి ఎంతో ఆర్.సి. మీద రాసి ఉంటుంది, కాటా చీటీతో సరిచూడండి. దాటితే కేంద్ర చట్టం ప్రకారం జరిమానా 20 వేలు, పైన ప్రతి అదనపు టన్నుకూ 2 వేలు. ఆ సెక్షన్ నడిపినవాడినే కాదు, నడిపించినవాడినీ, నడపనిచ్చినవాడినీ కూడా పట్టుకుంటుంది. ‘రెండు టన్నులు ఎక్కువేస్తే కిరాయి తగ్గిస్తా’ అన్నవాడు మీకు మేలు చేస్తున్నట్టు కాదు.

ఇక పదిహేను వేలు తక్కువ సంగతి. తక్కువ చెప్పాడు కాబట్టి మోసం అని నేను అనను. హర్యానా, రాజస్థాన్, పంజాబ్ బండ్లు ఇక్కడికి సరుకు దించి తిరుగు లోడు కోసం రోజుల తరబడి పార్కింగ్‌లో పడి ఉంటాయి. ఖాళీగా ఇంటికి వెళ్లడం కంటే ఎంతో కొంతకు లోడు పట్టుకుంటాయి. అలాంటి బండి తక్కువకు వస్తే లెక్క కుదురుతుంది. లెక్క మీరే వేసుకోండి. ఇక్కడి నుంచి ఢిల్లీ సుమారు 1,800 కిలోమీటర్లు. లోడుతో లీటరుకు నాలుగు కిలోమీటర్లు వేసుకున్నా 450 లీటర్ల డీజిల్, అంటే దాదాపు 40 వేలు దానికే. టోల్, డ్రైవరు బత్తా, దారి ఖర్చులు, ఫైనాన్స్ కిస్తీ ఆ పైన. ఈ లెక్కకు దగ్గరగా వచ్చి ఆగిన కిరాయి చెప్పేవాడు కిరాయి మీద బతకడం లేదు, ఇంకేదో మీద కన్నేశాడు. ఏపీ నంబరు బండి, ఓనరూ ఇక్కడివాడే, అయినా అంత తక్కువ ఎందుకో ఒక్కసారి అడగండి. సరైన జవాబు ఉంటే వెంటనే చెప్తాడు.

అడ్వాన్సు ఎప్పుడు ఇస్తారన్నది కూడా ముఖ్యమే. లోడు ఎక్కి, కాటా అయ్యి, ఎల్.ఆర్. చేతికొచ్చాకే అడ్వాన్సు ఇవ్వడం మన బజారు పద్ధతి. బండి గేటు దగ్గరికి రాకముందే ‘డీజిల్ కొట్టించాలి, పది వేలు ఫోన్‌పే చేయండి’ అన్నవాడికి ఇవ్వొద్దు. బండి గుర్తింపు మీద ఇంకా అనుమానం ఉంటే ఓనర్ని ఫాస్టాగ్ స్టేట్‌మెంట్ గత నెలది అడగండి. ఏ టోల్ గేటు ఏ రోజు దాటిందో అందులో ఉంటుంది. ‘మొన్ననే ఢిల్లీ వెళ్లొచ్చాం’ అన్న మాట నిజమో కాదో తెలిసిపోతుంది. మాకు తెలిసిన ఒక పార్టీకి వచ్చిన బండి యార్డు బయట నిలబడి ఉండగానే, అదే నంబరు ఫాస్టాగ్ నాగపూర్ దగ్గర టోల్ కట్టినట్టు అసలు ఓనరు ఫోన్లో తేలింది. లోడింగ్ ఆపారు, ఆ బండి డ్రైవరు టీ తాగొస్తానని వెళ్లి మళ్లీ కనిపించలేదు.

చాలామంది వ్యాపారులకు తెలియని విషయం ఒకటుంది, దీన్ని శ్రద్ధగా చదవండి. మీరు అన్నీ చూసుకుని మంచివాడినే పట్టుకున్నా, దారిలో బండి తిరగబడింది అనుకుందాం. లారీ ఇన్సూరెన్స్‌లో మీ సరుకు ఉండదు. థర్డ్ పార్టీ పాలసీ రోడ్డు మీద ఉన్నవాళ్ల కోసం, ఫుల్ పాలసీ అయినా లారీ కోసం. సరుకుకు ట్రాన్స్‌పోర్టరు బాధ్యుడే, కానీ ఎంతవరకు? క్యారేజ్ బై రోడ్ రూల్స్ ప్రకారం మామూలుగా కిరాయికి పది రెట్ల వరకే, అదీ మీరు ఫార్వర్డింగ్ నోట్‌లో (బుక్ చేసేటప్పుడు సరుకు వివరాలు రాసిచ్చే కాగితం) రాసిన విలువకు మించకుండా. మీ లోడు 16 టన్నులు, క్వింటా 15 వేలు అనుకుంటే 24 లక్షల సరుకు. కిరాయి 75 వేలైతే పది రెట్లు ఏడున్నర లక్షలు. కిరాయి ఎంత తగ్గిస్తే మీ పరిహారం పరిమితి కూడా అంత తగ్గుతుందని గమనించారా? ఎక్కువ కావాలంటే సరుకు విలువ ప్రకటించి, హై రిస్క్ రేటు కట్టి బుక్ చేయాలి. ఆచరణలో ఎవరూ చేయరు. అందరూ చేసేది, మీరూ చేయాల్సింది, మీ పేరు మీద ట్రాన్సిట్ ఇన్సూరెన్స్, అంటే దారిలో సరుకుకు బీమా, తీసుకోవడం. పాలసీ తీసుకునేటప్పుడు బండి నంబరు, ఎల్.ఆర్. నంబరు సరిగ్గా రాయించండి. రిజిస్టర్డ్ ట్రాన్స్‌పోర్టరే అయి ఉండాలన్న షరతు పాలసీలో ఉందేమో చదవండి. ఉంటే, పైన చెప్పిన సర్టిఫికెట్ ఇక అడిగి వదిలేసేది కాదు, తప్పనిసరి.

ఎల్.ఆర్. మీద బండి నంబరు, టిక్కీల సంఖ్య, కాటా బరువు, విలువ ఉండాలి, సంతకం ఉండాలి. వాట్సాప్‌లో వచ్చిన ఎల్.ఆర్. ఫోటో చాలదు, ఒరిజినల్ కాపీ ఉంచుకోండి. ఈ-వే బిల్లులో బండి నంబరు మీరే ఎక్కించండి, రోజుకు 200 కిలోమీటర్ల లెక్కన మీకు తొమ్మిది, పది రోజుల గడువు వస్తుంది. దారిలో సరుకు వేరే బండికి మార్చితే అక్కడ నంబరు మార్చక తప్పదు. మీకు చెప్పకుండా మారిందంటే అదే రోజు ఫోన్ చేసి కారణం అడగండి. సరుకు తగ్గినా తడిసినా, దావా వేసే ముందు ట్రాన్స్‌పోర్టరుకు రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలి, బుక్ చేసిన తేదీ నుంచి 180 రోజుల్లోపు. ‘సెటిల్ చేద్దాం సార్’ అంటూ ఆరు నెలలు నెట్టేసి ఆ తర్వాత ఫోన్ ఎత్తనివాళ్లు ఈ గడువు తెలిసే అలా చేస్తారు. మాటలు మాట్లాడుకుంటూనే మొదటి నెలలో నోటీసు స్పీడ్ పోస్టులో పంపేయండి.

ఏజెంటు ‘ఫుల్ రిపోర్టు’ విషయం. వాహన్, ఈ-చలాన్, జీఎస్టీ, ఈ-కోర్ట్స్ అన్నీ ఉచితం, అతను చూసేదీ అక్కడే. అంతకుమించి ఓనరు ఫోను, ఇంటి అడ్రసు తెచ్చిస్తానంటే అది ప్రభుత్వం కావాలనే దాచి ఉంచిన సమాచారం, ఆఫీసులో ఎవరో లోపలి నుంచి అమ్ముతున్నారన్నమాట. దానికి డబ్బివ్వొద్దు. ఓనరు ఫోను కావాలంటే బుకింగ్ ఆఫీసువాడినే అడగండి, ఇవ్వకపోతే ఆ బండి వద్దనండి.

ప్రస్తుతానికి మీరు చేయాల్సింది ఇది. ఆ ట్రాన్స్‌పోర్ట్ వాళ్లకు మెసేజ్ పెట్టి, వచ్చే బండి నంబరు ఒక్కటి, దాని ఛాసిస్ చివరి ఐదంకెలు, కామన్ క్యారియర్ సర్టిఫికెట్, అడ్వాన్సు వేయాల్సిన ఖాతా ఎవరి పేరు మీదుందో అడగండి. రేపు సాయంత్రంలోగా నాలుగూ వస్తే బండిని యార్డుకు పిలవండి, ఛాసిస్ రుద్ది చూసుకుని లోడింగ్ మొదలుపెట్టండి. ఏ ఒక్కటి ఇవ్వడానికి వంకలు పెట్టినా బజారు రేటుకే తెలిసిన ఆఫీసు బండి పెట్టుకోండి. ఏ బండికి వెళ్లినా ట్రాన్సిట్ పాలసీ మాత్రం మొదటి టిక్కీ ఎక్కకముందే అమల్లోకి వచ్చేలా చూసుకోండి, లోడు బయల్దేరాక తీసుకుంటామంటే కుదరదు.